విద్యార్థుల చేతుల్లో ఉపగ్రహం: ఇస్రో విద్యా కార్యక్రమాలు – ఒక పరిశీలన

ఒక అంతరిక్ష సంస్థకు రాకెట్లు, ఉపగ్రహాలు ఎంత అవసరమో, వాటిని రూపొందించగల మనుషులు అంతకంటే ఎక్కువ అవసరం. పెద్ద ఉపగ్రహమేదైనా ఆలోచన దశ నుంచి కక్ష్యకు చేరేలోగా ఏళ్లు గడిచిపోతాయి గనుక, ఇప్పుడు కాగితం మీద ఉన్న పథకాలను పదిహేను, ఇరవై ఏళ్ల తర్వాత నడిపించవలసినవారు ఈనాడు ఉన్నత పాఠశాలల్లో, ఇంజినీరింగ్ కళాశాలల్లో చదువుకుంటున్నవారే. ఈ సంగతి గుర్తించబట్టే ప్రపంచంలోని ప్రధాన అంతరిక్ష సంస్థలన్నీ విద్యార్థుల కోసం ప్రత్యేక కార్యక్రమాలు నడుపుతున్నాయి. భారత అంతరిక్ష పరిశోధన సంస్థ, అంటే ఇస్రో, కూడా తొమ్మిదో తరగతి పిల్లల వేసవి శిబిరం మొదలుకొని పరిశోధక విద్యార్థుల ప్రయోగాలను కక్ష్యలోకి పంపడం దాకా పలు స్థాయుల్లో ఈ పని చేస్తోంది. చంద్రయాన్ వార్తలు ఇంటింటికీ చేరినంతగా ఈ కార్యక్రమాల సమాచారం చేరలేదు. వాటి స్వరూపమేమిటో, విద్యార్థికి అవి నిజంగా ఏం నేర్పుతున్నాయో, ఎక్కడ కొరత మిగిలి ఉందో పరిశీలించడం అవసరం.

బడికి చేరిన తొలి ఉపగ్రహం

భారత అంతరిక్ష కార్యక్రమానికి విద్యతో ఉన్న బంధం కొత్తది కాదు. ఆ కార్యక్రమానికి పునాది వేసిన విక్రమ్ సారాభాయ్, 1963 నవంబరు 21న కేరళ తీరంలోని తుంబా నుంచి తొలి రాకెట్ ప్రయోగానికి సారథ్యం వహించిన కొద్ది కాలానికే, 1966లో అహ్మదాబాద్‌లో పిల్లలకూ ఉపాధ్యాయులకూ విజ్ఞానశాస్త్రాన్ని ప్రయోగాల ద్వారా నేర్పే సామాజిక విజ్ఞాన కేంద్రాన్ని నెలకొల్పారు. పేద దేశానికి అంతరిక్ష పరిశోధన ఎందుకన్న ప్రశ్నకు ఆయన చూపిన సమాధానాల్లో విద్య ముఖ్యమైనది. టెలివిజన్ స్టూడియోలు, ప్రసార గోపురాలు లేని పల్లెకు సైతం ఉపగ్రహం ద్వారా పాఠం చేరవేయవచ్చని ఆయన బలంగా నమ్మారు.

ఆయన 1971లో కన్నుమూసిన తర్వాత ఆ ఆలోచన 1975 ఆగస్టు 1న కార్యరూపం దాల్చింది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు వాడుకుని, ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు నేరుగా టెలివిజన్ కార్యక్రమాలు అందించిన ఆ ప్రయోగాన్ని సైట్ అని పిలిచారు. ఆ ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి కావడంతో, హిందీ, ఒరియా, కన్నడ భాషలతోపాటు తెలుగులోనూ కార్యక్రమాలు తయారయ్యాయి. పగటిపూట బడి పిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం వంటి విషయాలు ప్రసారమయ్యాయి. ఒక విడతలో ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ కూడా ఇచ్చారు.

ఆ అనుభవానికి కొనసాగింపుగా 2004 సెప్టెంబరు 20న, కేవలం విద్యాప్రసారాల కోసమే రూపొందించిన ఎడ్యుశాట్ ఉపగ్రహం శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ రాకెట్‌పై కక్ష్యకు చేరింది. దాదాపు 1,950 కిలోల బరువున్న ఈ ఉపగ్రహం భూస్థిర కక్ష్యలో పనిచేసింది. భూమధ్యరేఖకు ఎగువన సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో భూమితోపాటు అదే వేగంతో తిరుగుతూ, నేల మీది నుంచి చూసేవారికి ఆకాశంలో ఒకే చోట నిలిచి ఉన్నట్టు కనిపించే మార్గమే భూస్థిర కక్ష్య. అందువల్ల ఉపగ్రహం కదలికను అనుసరించి యాంటెన్నాను తిప్పవలసిన అవసరం లేకుండా, ఒక్కసారి అమర్చిన చిన్న డిష్‌తోనే బడి పైకప్పు మీద పాఠాన్ని అందుకోవచ్చు. 2010లో ఎడ్యుశాట్ సేవలు ముగిసినా, ఉపగ్రహ బోధన ఆగలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మన టీవీ, రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణలో టీ-శాట్ ఛానళ్లు ఉపగ్రహ ప్రసారాలతోనే తెలుగు మాధ్యమ విద్యార్థులకు, ఉద్యోగార్థులకు పాఠాలు అందించాయి. ఈ దశలో ఉపగ్రహం పాఠాన్ని మోసుకొచ్చే సాధనం మాత్రమే. ఉపగ్రహమే పాఠ్యాంశంగా, విద్యార్థే నిర్మాతగా మారిన దశ ఆ తర్వాతిది.

తొమ్మిదో తరగతికి తెరిచిన తలుపు: యువిక

పాఠశాల స్థాయిలో ఇస్రో నడుపుతున్న కార్యక్రమాల్లో ప్రధానమైనది యువ విజ్ఞాని కార్యక్రమం. దాన్నే క్లుప్తంగా యువిక అంటారు. 2019లో మొదలై, కోవిడ్ కారణంగా రెండేళ్లు ఆగి, 2022లో 150 మంది విద్యార్థులతో మళ్లీ ఆరంభమైన ఈ కార్యక్రమానికి ఇటీవలి సంవత్సరాల్లో సుమారు 350 మందిని ఎంపిక చేస్తున్నారు. తొమ్మిదో తరగతి చదువుతున్నవారు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవాలి. ఎంపికైనవారు వేసవి సెలవుల్లో సుమారు రెండు వారాలు ఏదో ఒక ఇస్రో కేంద్రంలో ఉండి శిక్షణ పొందుతారు. ప్రయాణం, వసతి, భోజనం ఖర్చులను ఇస్రోనే భరిస్తుంది. తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం, బెంగళూరులోని యు.ఆర్. రావు ఉపగ్రహ కేంద్రం, అహ్మదాబాద్‌లోని అంతరిక్ష అనువర్తనాల కేంద్రం, దెహ్రాదూన్‌లోని భారత రిమోట్ సెన్సింగ్ సంస్థ, షిల్లాంగ్ దగ్గరి ఈశాన్య అంతరిక్ష అనువర్తనాల కేంద్రంతోపాటు, తెలుగు నేలపై ఉన్న శ్రీహరికోట, హైదరాబాద్ కేంద్రాలు కూడా ఈ శిబిరాలకు ఆతిథ్యమిచ్చాయి.

ఎంపిక విధానంలో గమనించదగిన అంశం ఒకటుంది. 2023 నాటి ప్రకటన ప్రకారం ఎనిమిదో తరగతి మార్కులకు 50 శాతం ప్రాధాన్యం ఇవ్వగా, మిగతా భాగాన్ని ఆన్‌లైన్ క్విజ్, విజ్ఞాన ప్రదర్శనల్లో పాల్గొనడం, ఒలింపియాడ్ పరీక్షలు, క్రీడలు, స్కౌట్స్, ఎన్‌సీసీ వంటి అంశాలకు పంచి, పంచాయతీ పరిధిలోని గ్రామీణ పాఠశాలలో చదువుతున్నందుకే విడిగా 15 శాతం కేటాయించారు. మండల కేంద్రానికి దూరంగా ఉన్న జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల విద్యార్థి, నగరంలోని పేరున్న ప్రైవేటు పాఠశాల విద్యార్థితో పోటీపడేటప్పుడు ఈ 15 శాతం చిన్న ఊతం కాదు. పైగా రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలన్నిటికీ ప్రాతినిధ్యం ఉండేలా జాబితా తయారవుతుంది.

శిబిరంలో ఉపన్యాసాలే కాదు, ప్రయోగశాలల సందర్శన, ఆకాశ వీక్షణ, నమూనా రాకెట్ల తయారీ వంటి పనులు ఉంటాయి. ఈ స్థాయి విద్యార్థులకు చక్కగా సరిపోయే మరో అభ్యాసం క్యాన్‌శాట్. శీతల పానీయపు డబ్బా అంత పరిమాణంలో ఉష్ణోగ్రత, వాయుపీడనం కొలిచే పరికరాలు, చిన్న రేడియో, బ్యాటరీ, పారాచూట్ అమర్చి, దాన్ని నమూనా రాకెట్‌తోనో డ్రోన్‌తోనో కొన్ని వందల మీటర్ల ఎత్తుకు పంపి వదిలితే, అది కిందికి దిగుతూ తాను కొలిచిన విలువలను నేల మీది కంప్యూటర్‌కు పంపుతుంది. ఇది కక్ష్యకు చేరదు. కానీ అసలు ఉపగ్రహంలో ఉండే విద్యుత్తు, సమాచార ప్రసారం, కొలత, నియంత్రణ అనే విభాగాలన్నీ ఇందులో చిన్న రూపంలో ఉంటాయి. ఎత్తు పెరిగేకొద్దీ పీడనం తగ్గుతుందని పుస్తకంలో చదివిన విద్యార్థి, తన డబ్బా పంపిన అంకెలతో తానే గ్రాఫు గీసుకున్నప్పుడు ఆ సూత్రం కంఠస్థం చేయవలసిన వాక్యంగా కాక, తాను రుజువు చేసిన విషయంగా మారుతుంది.

కళాశాల నుంచి కక్ష్యకు

ఇంజినీరింగ్ విద్యార్థుల విషయంలో ఇస్రో చేసిన అతి పెద్ద మేలు, వారు నిర్మించిన ఉపగ్రహాలకు పీఎస్‌ఎల్‌వీ రాకెట్‌లో చోటు కల్పించడం. పెద్ద ఉపగ్రహాన్ని మోసుకెళ్లే రాకెట్‌లో ఎంతో కొంత బరువు మోసే శక్తి మిగిలిపోతుంది. ఆ మిగులును విద్యార్థుల చిన్న ఉపగ్రహాలకు ఇవ్వడమే ఈ ఏర్పాటు. 2009 ఏప్రిల్ 20న పీఎస్‌ఎల్‌వీ-సీ12తో కక్ష్యకు చేరిన అనుశాట్ ఈ వరుసలో మొదటిది. చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయం రూపొందించిన ఈ 40 కిలోల ఉపగ్రహం, ఒక చోట అందుకున్న సందేశాన్ని నిల్వ చేసుకుని మరో చోట దించే విధానాన్ని పరీక్షించింది.

మరుసటి సంవత్సరమే తెలుగువారికి ప్రత్యక్ష సంబంధమున్న ప్రయత్నం ఫలించింది. కర్ణాటక, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లకు చెందిన ఏడు ఇంజినీరింగ్ కళాశాలల విద్యార్థులు కలిసి నిర్మించిన స్టడ్‌శాట్, 2010 జులై 12న పీఎస్‌ఎల్‌వీ-సీ15 రాకెట్‌లో దాదాపు 700 కిలోల కార్టోశాట్-2బీతోపాటు ప్రయాణించింది. పొడవు, వెడల్పు పదేసి సెంటీమీటర్లు, ఎత్తు 13.5 సెంటీమీటర్లు, బరువు కిలో కంటే తక్కువ. అరచేతిలో పట్టే ఆ పెట్టెలోనే సౌర ఫలకాలు, బ్యాటరీ, కంప్యూటర్, రేడియో, భూమిని ఫొటో తీసే కెమెరా ఉన్నాయి. దాని సంకేతాలను అందుకునే భూకేంద్రాన్ని సైతం బెంగళూరులోని ఒక భాగస్వామ్య కళాశాల ప్రాంగణంలో విద్యార్థులే ఏర్పాటు చేసుకున్నారు. భూమికి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహం ఒక భూకేంద్రానికి కనిపించేది ప్రతి పరిభ్రమణంలో మహా అయితే పది, పదిహేను నిమిషాలే గనుక, ఆ కొద్ది వ్యవధిలో ఏ ఆదేశం పంపాలో, ఏ సమాచారం దించుకోవాలో ముందే నిర్ణయించుకోవడం కూడా ఆ చదువులో భాగమే.

ఆ తర్వాత ఐఐటీ కాన్పూర్ జుగ్ను, ఎస్‌ఆర్‌ఎం విశ్వవిద్యాలయపు ఎస్‌ఆర్‌ఎంశాట్ 2011 అక్టోబరు 12న ఒకే రాకెట్‌లో, పుణె ఇంజినీరింగ్ కళాశాల స్వయం, సత్యభామ విశ్వవిద్యాలయపు సత్యభామశాట్ 2016 జూన్ 22న మరో రాకెట్‌లో, ఐఐటీ బొంబాయి ప్రథమ్, పీఈఎస్ విశ్వవిద్యాలయపు పైశాట్ అదే సంవత్సరం సెప్టెంబరు 26న ఇంకొక రాకెట్‌లో కక్ష్యకు చేరాయి. వీటిలో కొన్ని అనుకున్న పనంతా చేశాయి, కొన్ని పాక్షికంగానే పనిచేశాయి. విద్య దృష్టితో చూస్తే, వీటి విలువను కక్ష్యలో పనిచేసిన రోజులతో కాక, ప్రయోగానికి ముందు దాటిన పరీక్షలతో కొలవడం సమంజసం.

విద్యార్థులు చేసినది కదా అని ఇస్రో ఏ ఉపగ్రహాన్నీ పరీక్షించకుండా రాకెట్‌లోకి ఎక్కించదు. అందులో ఊడిపోయిన ఒక చిన్న మర సైతం పక్కనే ఉన్న కోట్ల రూపాయల ఉపగ్రహానికి ముప్పు తేగలదు. అందుకే ముందుగా కంపన పరీక్ష ఉంటుంది: ఉపగ్రహాన్ని ఒక బల్లకు బిగించి, రాకెట్ ఎగిరేటప్పుడు ఎదురయ్యే అదురును మూడు దిశల్లోనూ కలిగించి, ఏ అతుకు వదులైందో, ఏ తీగ తెగిందో చూస్తారు. తర్వాతిది ఉష్ణ శూన్య పరీక్ష. గాలి పూర్తిగా తోడేసిన గదిలో ఉపగ్రహాన్ని ఉంచి వేడినీ చలినీ మార్చి మార్చి కలిగిస్తారు. తక్కువ ఎత్తు కక్ష్యలో తిరిగే ఉపగ్రహం సుమారు గంటన్నరకోసారి భూమిని చుట్టివస్తూ రోజుకు పదిహేను సార్లు ఎండలోంచి భూమి నీడలోకి, నీడలోంచి ఎండలోకి మారుతుంది. నేల మీద కంప్యూటర్ చిప్ వేడెక్కితే చుట్టూ ఉన్న గాలి ఆ వేడిని కొంత లాక్కుపోతుంది. శూన్యంలో గాలి లేదు కాబట్టి లోహపు చట్రం గుండా వేడిని పక్కకు నడిపించి, ఉపరితలం నుంచి వికిరణంగా బయటికి పంపవలసిందే. కొన్ని రకాల ప్లాస్టిక్కులు, జిగురు పదార్థాలు శూన్యంలో ఆవిరులు వదులుతాయి. ఆ ఆవిరి కెమెరా కటకంపై పేరుకుంటే ఫొటోలు మసకబారతాయి. అంగడిలో దొరికే ఏ జిగురు వాడాలో, ఏది వాడకూడదో నిర్ణయించడం కూడా ఇంజినీరింగేనని తరగతి గదిలో తెలియడం కష్టం.

ఐఐటీ బొంబాయి ప్రథమ్ మరో పాఠం నేర్పింది. అయనావరణంలో, అంటే సూర్యకిరణాల ధాటికి పరమాణువులు ఎలక్ట్రాన్లను కోల్పోయి విద్యుదావేశంతో ఉండే ఎగువ వాతావరణ పొరలో, ఎలక్ట్రాన్ల సంఖ్యను లెక్కించడం దాని లక్ష్యం. ఫోన్లకు దారి చూపే ఉపగ్రహ సంకేతాలు ఆ పొర గుండా వచ్చేటప్పుడు ఆలస్యమై స్థాన నిర్ధారణలో తేడా వస్తుంది గనుక ఆ లెక్కకు ప్రయోజనం ఉంది. 2007లో మొదలైన ఈ పని 2016లో గానీ కక్ష్యకు చేరలేదు. బీటెక్ చదువు నాలుగేళ్లు, ఉపగ్రహ నిర్మాణం తొమ్మిదేళ్లు. మొదలుపెట్టిన విద్యార్థులు పట్టా పుచ్చుకుని వెళ్లిపోయాక, తర్వాత వచ్చినవారు దాన్ని అందుకుని నడిపించారు. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో, ఏ పరీక్షలో ఏం తప్పిందో స్పష్టంగా రాసిపెట్టి వెళితేనే అది సాధ్యం. తమకు ముఖపరిచయం లేనివారి కోసం పనిని సవివరంగా నమోదు చేసే ఈ అలవాటు ప్రతి పెద్ద ఇంజినీరింగ్ సంస్థకూ ప్రాణాధారం. మార్కుల కోసం చివరి సెమిస్టరులో హడావుడిగా ముగించే ప్రాజెక్టులో అది అలవడదు.

వైఫల్యం కూడా పాఠమే

దేశం నలుమూలల 75 గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల్లో చదువుతున్న 750 మంది బాలికలతో, చెన్నైకి చెందిన స్పేస్ కిడ్జ్ ఇండియా సంస్థ ఆజాదీశాట్ అనే ఉపగ్రహాన్ని రూపొందింపజేసింది. ఒక్కొక్కటి సుమారు 50 గ్రాముల బరువున్న 75 పేలోడ్లు దాని ప్రత్యేకత. ఉపగ్రహం మోసుకెళ్లే పనిముట్టునే పేలోడ్ అంటారు. మొత్తం ఎనిమిది కిలోల ఈ ఉపగ్రహం 2022 ఆగస్టు 7న, ఇస్రో కొత్తగా తయారు చేసిన చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ తొలి ప్రయోగంలో శ్రీహరికోట నుంచి బయలుదేరింది. రాకెట్ రెండో దశ విడిపోయే క్షణంలో కొద్దిసేపు పుట్టిన తీవ్రమైన అదురుకు త్వరణాన్ని కొలిచే సెన్సర్లు తమ పరిమితి దాటిన విలువలు చూపాయి. అవి చెడిపోయాయని భావించిన రాకెట్ కంప్యూటర్ అత్యవసర విధానంలోకి మారింది. ఫలితంగా కావలసిన వేగం అందక, 356 కిలోమీటర్ల ఎత్తులో వలయాకారంగా ఉండవలసిన కక్ష్య ఒక వైపు 76 కిలోమీటర్ల దాకా దిగజారింది. అంత తక్కువ ఎత్తులో గాలి ఒరిపిడికి ఏ ఉపగ్రహమూ నిలవదు.

ఇస్రో కారణాన్ని బహిరంగంగా వెల్లడించి, దశలు విడిపోయే ఏర్పాటునూ సెన్సర్ల తీర్పునిచ్చే తర్కాన్నీ సవరించింది. బాలికలు మళ్లీ పనికి పూనుకోగా, 8.7 కిలోల ఆజాదీశాట్-2 ఆరు నెలల తర్వాత, 2023 ఫిబ్రవరి 10న, ఎస్‌ఎస్‌ఎల్‌వీ రెండో ప్రయోగంలో 450 కిలోమీటర్ల కక్ష్యకు విజయవంతంగా చేరింది. పరీక్షలో తప్పిన విద్యార్థి పేరు చెప్పుకోవడానికి వెనుకాడే సమాజంలో, దేశపు అగ్రశ్రేణి శాస్త్రవేత్తలు తమ రాకెట్ ఎందుకు గురి తప్పిందో వివరించి, దిద్దుకుని, తిరిగి ప్రయోగించడాన్ని ఆ బాలికలు పాత్రధారులుగా దగ్గరి నుంచి చూశారు. విజ్ఞానశాస్త్రం నడిచే తీరు గురించి దీన్ని మించిన పాఠం ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఖాళీ రాకెట్ దశ ప్రయోగశాలగా

సొంత ఉపగ్రహం నిర్మించడం ప్రతి కళాశాలకూ సాధ్యం కాదు. ఈ ఇబ్బందికి ఇస్రో కనిపెట్టిన పరిష్కారం పోయెమ్. పీఎస్‌ఎల్‌వీకి నాలుగు దశలుంటాయి. ఉపగ్రహాలను కక్ష్యలో వదిలాక నాలుగో దశకు ఇక పని ఉండదు గనుక అది వ్యర్థంగా తిరుగుతూ ఉండేది. దానికే సౌర ఫలకాలు, బ్యాటరీ, దిశను స్థిరంగా ఉంచే ఏర్పాటు జోడించి, ఇతరుల పరికరాలను బిగించే వేదికగా మార్చారు. 2019 జనవరి 24న విద్యార్థులు చేసిన కలామ్‌శాట్-వీ2ను నాలుగో దశకే అమర్చి పంపడంతో ఈ ఆలోచనకు నాంది పడింది. దిశా నియంత్రణ గల పూర్తి రూపం 2022 జూన్ 30న పోయెమ్-1గా పనిచేసింది. విద్యుత్తు, సమాచార ప్రసారం, నియంత్రణ వేదికే సమకూరుస్తుంది కాబట్టి విద్యార్థులు తమ ప్రయోగం మీదే దృష్టి పెట్టవచ్చు.

2024 జనవరి 1న వెళ్లిన పోయెమ్-3లో తిరువనంతపురంలోని ఒక మహిళా ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థినులు రూపొందించిన వీశాట్ అనే పరికరం అతినీలలోహిత కిరణాలను కొలిచింది. అదే సంవత్సరం డిసెంబరు 30న, రెండు ఉపగ్రహాలను కక్ష్యలో కలిపే స్పేడెక్స్ ప్రయోగంతోపాటు వెళ్లిన పోయెమ్-4 మోసుకెళ్లిన 24 పరికరాల్లో పది, ఇస్రో వెలుపలి విద్యాసంస్థలు, అంకుర సంస్థలు చేసినవి. మనిషి పేగుల్లో ఉండే ఒక రకం సూక్ష్మజీవి భారరహిత స్థితిలో ఎలా పెరుగుతుందో చూసేందుకు బెంగళూరులోని ఆర్‌వీ ఇంజినీరింగ్ కళాశాల, పాలకూర కణాలు అక్కడ ఎలా ఎదుగుతాయో పరిశీలించేందుకు ముంబైలోని ఎమిటీ విశ్వవిద్యాలయం తమ పరికరాలను పంపాయి. అంటే ఈ రంగం ఏరోస్పేస్, ఎలక్ట్రానిక్స్ చదివినవారికే పరిమితం కాదు. జీవశాస్త్రం, వ్యవసాయం చదువుతున్న విద్యార్థికి కూడా ఇందులో చోటుంది. పైగా పోయెమ్-3ను ప్రధాన ఉపగ్రహాన్ని వదిలాక తక్కువ కక్ష్యకు దించి, 2024 మార్చి 21న వాతావరణంలో దగ్ధమయ్యేలా చేశారు. వాడుకున్న చోటును శుభ్రంగా వదిలిపెట్టాలన్న బాధ్యతను కూడా అది విద్యార్థులకు నేర్పింది.

ఉన్నత విద్య, పరిశోధన

ఈ రంగంలో పూర్తి స్థాయి చదువు కోసం 2007 సెప్టెంబరులో తిరువనంతపురంలో భారత అంతరిక్ష విజ్ఞాన, సాంకేతిక సంస్థ, అంటే ఐఐఎస్‌టీ, ఏర్పడింది. దీని తొలి కులపతి ఏ.పీ.జే. అబ్దుల్ కలామ్. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు ఆధారంగా ఏరోస్పేస్ ఇంజినీరింగ్, ఏవియానిక్స్ కోర్సుల్లో ప్రవేశాలుంటాయి. విమానాల్లో, రాకెట్లలో వాడే ఎలక్ట్రానిక్ వ్యవస్థల శాస్త్రమే ఏవియానిక్స్. నిర్ణీత స్థాయిలో గ్రేడ్లు సాధించినవారిని ఖాళీలను బట్టి ఇస్రోలోకి తీసుకునే సంప్రదాయం ఉండటంతో తెలుగు రాష్ట్రాల ఇంటర్ విద్యార్థులకు సైతం ఇది ఆకర్షణీయమైన గమ్యం. ఈ సంస్థ విద్యార్థులు అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంతోనూ, సింగపూర్, తైవాన్ విశ్వవిద్యాలయాలతోనూ కలిసి నిర్మించిన ఇన్‌స్పైర్‌శాట్-1, 2022 ఫిబ్రవరి 14న పీఎస్‌ఎల్‌వీ-సీ52లో కక్ష్యకు చేరింది.

అధ్యాపకులు, పరిశోధక విద్యార్థుల కోసం 1970ల నుంచే రెస్పాండ్ అనే పథకం ఉంది. ఇస్రో తనకు కావలసిన పరిశోధనాంశాలను ప్రకటిస్తే, విశ్వవిద్యాలయాలు ప్రతిపాదనలు పంపి నిధులు పొందుతాయి. డిగ్రీ, పీజీ విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు అంతరిక్ష విజ్ఞానాన్ని పరిచయం చేసేందుకు 2023లో స్టార్ట్ పేరిట ఆన్‌లైన్ శిక్షణ మొదలైంది. బెంగళూరు ఉపగ్రహ కేంద్రం రోబో వాహనాలు, డ్రోన్లపై కళాశాల జట్లకు పోటీలు నిర్వహిస్తోంది. దెహ్రాదూన్ సంస్థ ఉపగ్రహ చిత్రాల విశ్లేషణను దూరవిద్యలో నేర్పుతోంది.

తెలుగు నేలపై ఉన్న అవకాశం

దేశంలో ఉపగ్రహాలను కక్ష్యలోకి పంపే శ్రీహరికోట కేంద్రం తిరుపతి జిల్లాలో ఉంది. ఉపగ్రహ చిత్రాలను అందుకుని విశ్లేషించే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం హైదరాబాద్‌లో, దాని యాంటెన్నాలు షాద్‌నగర్‌లో ఉన్నాయి. ఒకటి రాకెట్ ఎగిరే చోటు, ఇంకొకటి ఆ శ్రమ పంటల అంచనాగా, వరద పటంగా మారే చోటు. శ్రీహరికోటలో 2019 నుంచి పౌరులు ముందుగా పేరు నమోదు చేసుకుని ప్రయోగాలను చూసే గ్యాలరీ ఉంది; ఏటా అక్టోబరు 4 నుంచి 10 దాకా జరిగే ప్రపంచ అంతరిక్ష వారోత్సవాల్లో ఈ కేంద్రం పలు పట్టణాల్లో ప్రదర్శనలు, విద్యార్థులకు పోటీలు ఏర్పాటు చేస్తుంది. హైదరాబాద్ కేంద్రం నడిపే భువన్ పోర్టల్‌లో పాఠశాల భూగోళశాస్త్రానికి ఉపయోగపడే పటాలు ఉచితంగా లభిస్తాయి. తమ ఊరి చెరువు పదేళ్లలో ఎంత కుంచించుకుపోయిందో ఉపగ్రహ చిత్రాల్లో కొలిచి చూడటానికి బడిలో ఒక కంప్యూటర్, ఒక ఇంటర్నెట్ కనెక్షన్, ఆసక్తి గల ఒక ఉపాధ్యాయుడు చాలు.

అయితే ఈ కార్యక్రమాల పరిధి ఇంకా ఇరుకైనదే. కోటికి పైగా తొమ్మిదో తరగతి విద్యార్థులున్న దేశంలో యువికకు ఎంపికయ్యేది కొన్ని వందల మందే. ప్రకటనలు, క్విజ్‌లు, శిక్షణ సామగ్రి ఎక్కువగా ఇంగ్లిష్, హిందీల్లో ఉండటం వల్ల తెలుగు మాధ్యమంలో చదివే విద్యార్థి దరఖాస్తు దశలోనే వెనుకబడతాడు. విద్యార్థి ఉపగ్రహాలు నిర్మించిన సంస్థల జాబితా చూస్తే పెద్ద నగరాల్లోనివే ఎక్కువ. తెలుగు రాష్ట్రాల్లో వందల ఇంజినీరింగ్ కళాశాలలు ఉన్నా, ఆ జాబితాలో వాటి పేర్లు అరుదు. ఇది ప్రతిభ కొరత కాదు. వర్క్‌షాపు, ప్రయోగశాల, ఏళ్ల తరబడి ఒకే పనిపై నిలిచే అధ్యాపకుడు, ప్రాంగణ నియామకాలకు సంబంధం లేకపోయినా ఆ పనికి నిధులిచ్చే యాజమాన్యం ఒక్కచోట కుదరకపోవడం. రెండు రాష్ట్ర ప్రభుత్వాలు చేయదగిన పనులు స్పష్టంగా కనిపిస్తున్నాయి: యువిక సమాచారాన్ని, నమూనా ప్రశ్నలను తెలుగులో ప్రతి ఉన్నత పాఠశాలకూ సకాలంలో పంపడం, జిల్లాకొక క్యాన్‌శాట్ కేంద్రం ఏర్పాటు చేయడం, కొన్ని కళాశాలలు కలిసి స్టడ్‌శాట్ తరహాలో ఒకే ఉపగ్రహం నిర్మించేందుకు ఉమ్మడి నిధి సమకూర్చడం.

ప్రభుత్వం కదిలేదాకా ఆగవలసిన అవసరం లేని పని కూడా ఒకటుంది. యువిక నోటిఫికేషన్ సాధారణంగా విద్యా సంవత్సరం చివరి నెలల్లో ఇస్రో వెబ్‌సైట్‌లో వెలువడుతుంది. గడువు కొద్ది వారాలే. ఎనిమిదో తరగతిలోనే పిల్లలను విజ్ఞాన ప్రదర్శనల్లో పాల్గొనేలా చేసి, ఆ ధ్రువపత్రాలు భద్రపరిచి, నోటిఫికేషన్ రాగానే దరఖాస్తు నింపడంలో సాయపడే విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుడు ఒక్కరున్నా, గ్రామీణ పాఠశాలలకు కేటాయించిన ఆ 15 శాతం ఊతం అర్హులైన పిల్లలకు అందుతుంది. ప్రతి జిల్లా పరిషత్ పాఠశాల నుంచి ఏటా కనీసం ఒక్క దరఖాస్తైనా వెళ్లేలా చూడటం ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కలిసి తీసుకోవలసిన బాధ్యత.